విగ్గుగారి బీరువా

మొన్న ఒక పాతసామాన్ల వ్యాపారి ప్రకటన చూశాను. "18వ శతాబ్దపు ఫ్రెంచ్ విగ్గుల బీరువా. చాలా అరుదైనది. లోపల ఆనాటి పౌడరు మరకలు ఇప్పటికీ పదిలం." మా ఇంటి ఇనప బీరువాకీ మరకలున్నాయి. దాన్ని కిలో లెక్కన అడిగారు. మరకలకీ వంశం, గోత్రం ఉంటాయని తెలియకపోవడం నా తప్పే.

ఆ విగ్గుల వైభవం సామాన్యమా! ఫ్రాన్స్ రాజు 13వ లూయీకి చిన్న వయసులోనే జుట్టు రాలింది, విగ్గు పెట్టాడు. రాజుకి బట్టతల వస్తే దేశానికంతా విగ్గు రావలసిందే కదా. కొడుకు 14వ లూయీ అయితే వెర్సాయ్ రాజభవనంలో విగ్గుల కోసం ఏకంగా ఓ గదే కేటాయించాడు. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది. జుట్టు లేని అయ్యకి గది కావాలి. విగ్గు తగిలించే కొయ్యస్టాండుని ఫ్రెంచ్‌వాళ్లు పుట్టగొడుగు అంటారు. బీరువా తలుపు తీస్తే వరసగా పుట్టగొడుగులు, ఒక్కోదాని మీద ఒక్కో పెద్దమనిషి. ముఖాలు ఉండవు, అంతే. దర్బారులో ఆ తేడా ఎవరికీ తెలిసి ఉండదు.

ఇక పౌడరు సేవ. దొరగారు మెడ దాకా దుప్పటి కప్పుకుని, ముఖానికి కాగితం గరాటా పెట్టుకుని కూర్చుంటారు. మంగలి తిత్తితో విగ్గు మీద పొడి ఊదుతాడు. దొరగారు గరాటాలోంచి "చాలు" అంటారు. బయటికి "బుడబుడ" అని వినిపిస్తుంది. మంగలి దాన్ని "ఇంకొంచెం" అనుకుని మళ్లీ ఊదుతాడు. మళ్లీ బుడబుడ. మళ్లీ తిత్తి. చివరికి దొరగారు పిండిలో పొర్లించిన చేపముక్కలా లేచి రాజ్యపాలనకి బయల్దేరతారు.

పోలిక ఊరికే రాలేదు. ఆ పొడి గోధుమల నుంచి తీసిన స్టార్చ్. చవకరకమైతే నేరుగా పిండే.

1774లో పంట దెబ్బతింది, రొట్టె ధర పెరిగింది. 1775 ఏప్రిల్, మే నెలల్లో పారిస్ చుట్టుపక్కల జనం తిరగబడ్డారు. పిండి యుద్ధం అని దానికి పేరు. మే 11న పారిస్‌లో ఇద్దరిని నలుగురూ చూస్తుండగా ఉరి తీశారు. ఒకడికి 16 ఏళ్లు. రెండోవాడు ఏం పని చేసేవాడో తెలుసా? విగ్గులు కట్టేవాడు! సరిగ్గా నెలకి, జూన్ 11న, 16వ లూయీకి పట్టాభిషేకం. ఆ రోజు ఎన్ని ఇళ్ల రొట్టె ఎన్ని బుర్రల మీదికి ఎక్కిందో ఎవడు లెక్కపెట్టాడు? పిల్లల నోటి దగ్గరి పిండి అది. దాన్ని పదిలం అని అమ్మేవాడికి లేకపోతే పోయింది, కొని హాల్లో పెట్టుకునేవాడికైనా సిగ్గుండొద్దూ?

ఉండబట్టలేక ఫోన్ చేశాను. మరకలు తుడిచేసి ఇస్తే ఎంత అని అడిగాను.

ఆయన కంగారుపడ్డాడు. "తుడిస్తే ఇంకేముంది సార్, మామూలు అల్మరా!"