ఆట హిట్టయితే చాలదు, స్టూడియో నిలబడాలి

ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు ఇంట్లో "గేమ్ స్టూడియో పెడతాను" అంటే మన దగ్గర ముందు వచ్చే ప్రశ్న రమ్మీ యాప్ గురించే. ఇంట్లోవాళ్లను తప్పుపట్టలేం. ఇన్నేళ్లూ టీవీ పెడితే గేమింగ్ పేరుతో కనిపించింది డబ్బు పెట్టి ఆడే పేకాట, దాంతో పాటు అప్పులపాలైన కుటుంబాల వార్తలు. ఆ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతటా ఆపేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని, అంటే పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లని, పందెం లేని ఆటల్ని వేరుగా చూసింది, ప్రోత్సహించాలని కూడా చెప్పింది. కాబట్టి ఆటలు తయారుచేసే పని గురించి ఇప్పుడైనా తీరిగ్గా, సరిగ్గా మాట్లాడుకోవాలి. మన పిల్లలు ఎలాగూ ఆ దారి పడుతున్నారు, కనీసం దారి ఎలా ఉంటుందో తెలిసి వెళ్లడం మంచిది.

ఈ రంగం గురించి మన యువత చెవిన పడే కథలన్నీ ఒకే తీరులో ఉంటాయి. సియాటిల్‌లో ఎరిక్ బరోన్ అనే యువకుడు నాలుగున్నరేళ్ల పాటు ఒక్కడే కూర్చుని, బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తనే చేసి 2016లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆట విడుదల చేశాడు, 2024 చివరికి అది 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయింది. నిజమే, గొప్ప సంగతే. కానీ దాన్ని చూసి ఉద్యోగం మానేయడమంటే లాటరీ తగిలినవాడిని చూసి పొలం అమ్ముకోవడమే. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఒక్క ఆన్‌లైన్ దుకాణంలోనే 2024లో 18 వేలకు పైగా కొత్త ఆటలు వచ్చాయి. వాటిలో ఎన్నింటి పేర్లు మనం విన్నాం? అసలు స్టూడియో గెలిచిందని ఎప్పుడు అనాలి అన్న దగ్గరే మన లెక్క మారాలి. మొదటి ఆట ఎన్ని కాపీలు అమ్మిందన్నది ఒక సంగతి. అదే మనుషులు, ఒంట్లో ఓపిక చావకుండా, రెండో ఆట, మూడో ఆట చేయగలిగారా అన్నది అసలు సంగతి. మా దృష్టిలో ఆ రెండోదే గెలుపు.

ఆ కొలతతో చూస్తే మాకు ముందు గుర్తొచ్చేది అమెరికాలోని సూపర్‌జయంట్ గేమ్స్. 2009లో అమీర్ రావు, గావిన్ సైమన్ అనే ఇద్దరు స్నేహితులు లాస్ ఏంజిలిస్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద గేమ్ కంపెనీలో ఉద్యోగాలు వదిలేసి, శాన్ హోసేలో రావు నాన్నగారి ఇంట్లో మకాం పెట్టారు. అద్దె ఆఫీసు లేదు. సంగీతం చేసిన డారెన్ కోర్బ్ న్యూయార్క్‌లో ఉండేవాడు, తన అపార్ట్‌మెంట్‌లోని బట్టల అల్మారా గదినే రికార్డింగ్ స్టూడియో చేసుకున్నాడు. గొంతు ఇచ్చిన లోగన్ కనింగ్‌హామ్ అతని రూమ్మేటే. మొత్తం ఏడుగురు. వాళ్లు చేసిన బాస్టియన్ 2011 జులైలో వచ్చింది.

ఆ ఆట ఆడినవాళ్లకు తెలుసు, దాని ప్రాణమంతా ఆ గొంతులోనే ఉంది. మీరు నడిచేకొద్దీ కాళ్ల కింద నేల పుట్టుకొస్తూ ఉంటుంది, మీరేం చేస్తే దాన్నే ఒక ముసలాయన కథలా చెబుతూ ఉంటాడు. దారిలో కనబడ్డ పెట్టెలన్నీ పగలగొడుతూ నిలబడితే ఆ సంగతీ చెబుతాడు, అంచు మీంచి జారిపడితే అదీ చెబుతాడు. పెద్ద కంపెనీ అయితే కథ చెప్పడానికి కోట్లు పోసి సినిమాలాంటి సన్నివేశాలు తీసేది. ఏడుగురి జట్టుకు ఆ స్తోమత లేదు. చేతిలో ఉన్నది ఒక మంచి గొంతు, ఒక చిన్న గది, బాగా రాసే మనిషి. ఉన్నవాటితోనే, ఆటను మధ్యలో ఆపకుండా కథ చెప్పే పద్ధతి పట్టుకున్నారు. చిన్న జట్టు పెద్ద కంపెనీ ఆటను తక్కువ ఖర్చులో చేయబోతే ఆ చవకతనం కనిపించిపోతుంది. తన దగ్గర ఉన్నదాన్నే ఆటకు కేంద్రం చేసుకుంటే ఆ ఆట ఇంకెవరూ చేయలేనిది అవుతుంది. దీన్ని మన కుర్రాళ్లు గట్టిగా పట్టుకోవాలని మా కోరిక, ఎందుకంటే మన దగ్గర మొదటి ప్రాజెక్టు అనగానే ఓపెన్ వరల్డ్ (ఎక్కడికైనా తిరగగలిగే పెద్ద లోకం), వందమంది ఒకేసారి ఆడే యుద్ధం అంటూ మొదలుపెట్టి ఆరో నెలలో ఆగిపోయే జట్లు చాలానే ఉన్నాయి.

బాస్టియన్ 2015 నాటికి 30 లక్షల కాపీలు దాటింది. అక్కడే చాలా స్టూడియోలు దారి తప్పుతాయి. డబ్బు వచ్చింది కదా అని వందమందిని తీసుకుంటారు, నెల జీతాలు పెరుగుతాయి, ఆ జీతాల కోసం ఇష్టంలేని ప్రాజెక్టులు ఒప్పుకుంటారు. వీళ్లు ఆ పని చేయలేదు. మొదటి ఆటను వార్నర్ బ్రదర్స్ పబ్లిషర్‌గా ఉండి మార్కెట్లోకి తెచ్చింది, 2014లో రెండో ఆట ట్రాన్సిస్టర్‌ని తామే విడుదల చేసుకున్నారు. 2017లో పైర్ వచ్చింది, మిగతా ఆటలంత పేరు దానికి రాలేదు. అయినా స్టూడియో కూలలేదు, ఎందుకంటే ఒక ఆట తడబడినా తట్టుకునేంత చిన్నదిగా దాన్ని ఉంచుకున్నారు. ఆ తర్వాత హేడిస్‌ని 2018 డిసెంబరులో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే ఇంకా పూర్తికాని ఆటనే అమ్మకానికి పెట్టి, ఆడేవాళ్లు చెప్పింది వింటూ దాదాపు రెండేళ్లు చెక్కారు. 2020 సెప్టెంబరులో పూర్తయ్యేసరికి పది లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. 2021లో బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా ఉత్తమ గేమ్ అవార్డు, సైన్స్ ఫిక్షన్ సాహిత్యానికిచ్చే హ్యూగో అవార్డు రెండూ వచ్చాయి, ఒక వీడియో గేమ్‌కి హ్యూగో రావడం అదే మొదలు. 2025 సెప్టెంబర్ 25న హేడిస్ 2 పూర్తి రూపంలో వచ్చింది. పదహారేళ్లలో అయిదు ఆటలు, జట్టు మాత్రం పాతిక మందికి అటూఇటూ.

మాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. బాస్టియన్ చేసిన ఆ ఏడుగురూ హేడిస్ పూర్తయ్యేనాటికి అక్కడే ఉన్నారు. ఆ స్టూడియోలో సెలవులకు పరిమితి లేదు, ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చు. అలా పెడితే ఎవరూ సెలవు పెట్టడం లేదని గమనించి, ఏడాదికి కనీసం 20 రోజులు తప్పనిసరిగా తీసుకోవాలని నియమం పెట్టారు. శుక్రవారం సాయంత్రం 5 దాటాక ఆఫీసు మెయిళ్లు ఉండవు. రిలీజ్ టెన్షన్ పేరు చెప్పి రాత్రిళ్లు ఆఫీసులోనే పడుకోవడం గొప్పగా చెప్పుకునే మన ఐటీ అలవాటుకు ఇది ఒంటపట్టడం కష్టమేమో గానీ, పదేళ్లు కలిసి పనిచేసిన జట్టుకు ఉండే పట్టు కొత్తగా చేరిన ఏ ప్రతిభావంతుడూ ఒక్క రోజులో తెచ్చిపెట్టలేడు. మనుషుల్ని కాపాడుకోవడం ఇక్కడ దయాగుణం కింద లెక్క కాదు, వ్యాపారం నిలబడేదే దాని మీద.

ఇక డబ్బు. దీని గురించి ఎవరూ సూటిగా చెప్పరు కాబట్టి మేమే ఒక లెక్క వేసి చూపిస్తాం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అయిదుగురు కలిసి ఆట మొదలుపెట్టారనుకుందాం. తలా 60 వేలు తీసుకుంటే 3 లక్షలు, అద్దె, కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్, ఆడిటర్ ఖర్చు కలిపి ఇంకో లక్ష. నెలకు 4 లక్షలు. రెండేళ్లలో అవుతుందనుకున్న ఆట ఇంకో ఆరు నెలలు సాగుతుంది, అది దాదాపు ఖాయం. అంటే కోటీ 20 లక్షలు. ఆట ధర 500 పెట్టారు. అందులో పన్ను పోగా, స్టీమ్ తన 30 శాతం తీసుకోగా మిగిలేది 300 లోపే. రెండు గంటల్లోపు ఆడి వెనక్కిచ్చేసేవాళ్లకు డబ్బు తిరిగివ్వాలి, పండగ సేల్‌లో సగం ధరకు అమ్మాలి, సగటున కాపీకి 240 చేతికొస్తే అదృష్టం. పెట్టింది రావడానికే 50 వేల కాపీలు అమ్మాలి, రెండో ఆటకు డబ్బు మిగలాలంటే లక్ష. విదేశాల్లో ఎక్కువ ధరకు అమ్మితే ఈ అంకె తగ్గుతుంది, కానీ అప్పుడు ఇంగ్లిష్‌తో పాటు చైనీస్, జర్మన్ అనువాదాల ఖర్చు వచ్చి కూర్చుంటుంది. ఈ లెక్క కాగితం మీద వేయకుండా కొలువు మానేసినవాడిని ధైర్యవంతుడు అనడం మాకు ఇష్టం లేదు. వేసుకున్నాక, "అయితే ఎనిమిది నెలల్లో అయ్యే చిన్న ఆట చేద్దాం" అన్నవాడి మీద మాకు నమ్మకం ఎక్కువ.

పది నిమిషాల ఆట ముందు చేయండి. దాని గురించి ఏమీ తెలియని పదిమంది చేతికిచ్చి, వెనకాల నిలబడి ఒక్క మాట కూడా సాయం చెప్పకుండా చూడండి. ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ ఫోన్ తీశారు, అయిపోయాక మళ్లీ మొదలుపెట్టారా లేదా. బయటివాళ్ల దగ్గర డబ్బు అడగాల్సింది ఆ తర్వాతే. విడుదలకు ఏడాది ముందే స్టీమ్ పేజీ తెరవాలి, డెమో పెట్టాలి, ఎంతమంది విష్‌లిస్ట్‌లో (తర్వాత కొందామనుకునే ఆటల జాబితాలో) వేసుకుంటున్నారో చూసుకుంటూ ఉండాలి. ఆట అయ్యాక ప్రచారం చేద్దాంలే అనుకున్నవాళ్ల ఆటలు ఆ 18 వేలల్లో కలిసిపోతాయి.

ఆట ఎవరిది అన్న ప్రశ్న కూడా మొదటి రోజే తేల్చుకోవాలి, అదీ కాగితం మీద, లాయర్ ముందు. జపాన్‌లో టాంగో గేమ్‌వర్క్స్ 2023లో హై-ఫై రష్ చేసి అందరి మెప్పు పొందింది, ఏడాదిన్నర తిరక్కుండానే 2024 మేలో యజమాని మైక్రోసాఫ్ట్ మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆగస్టులో కొరియా కంపెనీ క్రాఫ్టన్ ముందుకు రాబట్టి బతికింది. మంచి ఆట చేసినా, తాళంచెవి వేరేవాళ్ల చేతిలో ఉంటే అంతే. పరికరాల విషయంలోనూ ఇదే గొడవ. 2023 సెప్టెంబరులో యూనిటీ ఇంజిన్, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, అమ్మే కంపెనీ, ఆట ఇన్‌స్టాల్ అయినప్పుడల్లా రుసుము కట్టాలని ఉన్నట్టుండి ప్రకటించింది. ఏళ్ల తరబడి దాని మీదే ఆటలు కట్టిన చిన్న స్టూడియోలు బెంబేలెత్తిపోయాయి. ఏడాది గొడవ తర్వాత 2024లో రద్దు చేశారు గానీ ఈలోపు చాలామంది ఉచితంగా దొరికే గోడో అనే ఇంజిన్ వైపు చూశారు.

స్వతంత్రంగా ఉన్నంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయని కూడా మేం చెప్పడం లేదు. జర్మనీలోని మిమిమి గేమ్స్ ఒకదాన్ని మించి ఒకటి మంచి ఆటలు చేసింది. 2023 ఆగస్టులో చివరి ఆట విడుదల చేసి, రోజుల వ్యవధిలోనే స్టూడియో మూసేస్తున్నామని ప్రకటించింది. ఒక్కో ఆట వెనుక ఉన్న ఆర్థిక భారాన్నీ, అది ఇళ్ల మీద పడేసిన ఒత్తిడినీ ఇక మోయలేమని వ్యవస్థాపకులు చెప్పారు. సరైన సమయానికి, మనుషుల్ని రోడ్డున పడేయకుండా ఆపడం కూడా స్టూడియో నడపడంలో భాగమేనని మాకు అనిపించింది.

మన దగ్గరికి వస్తే, హైదరాబాద్‌కి చేయి తిరిగిన పనివాళ్ల కొరత లేదు. విదేశీ ఆటలకు బొమ్మలు వేసేవాళ్లు, యానిమేషన్ చేసేవాళ్లు, బగ్‌లు పట్టేవాళ్లు ఇక్కడ ఏళ్లుగా ఉన్నారు. దేశంలోని గేమ్ డెవలపర్ల పెద్ద సదస్సు ఐజీడీసీకి ఈ నగరం ఎన్నోసార్లు వేదికైంది. కానీ ఆ పని అంతా వేరేవాళ్ల ఆటలకు. సొంత ఆట అంటే 2017లో ఓగ్రె హెడ్ స్టూడియో అనే చిన్న హైదరాబాద్ జట్టు చేసిన అసుర లాంటివి చెప్పుకోవాలి, మన పురాణాల రంగుతో, ఆడిన ప్రతిసారీ మారే ఆట అది. పుణెలో నోడింగ్ హెడ్స్ వాళ్లు 2017లో రాజీ అనే ఆటకు కిక్‌స్టార్టర్‌లో జనాన్ని డబ్బు అడిగితే సరిపడా రాలేదు, అయినా వదలకుండా 2020లో విడుదల చేశారు. అలా వేరేవాళ్లకు సర్వీస్ పని చేస్తూ సాయంత్రాలు సొంత ఆట చేద్దామనుకునే జట్లకు ఒక్క మాట: క్లయింట్ గడువు ఎప్పుడూ మీ ఆటనే తింటుంది. ఇద్దరిని పూర్తిగా సొంత ఆట మీద కూర్చోబెట్టి, ఎంత పెద్ద ఆర్డర్ వచ్చినా వాళ్లను కదపకుండా ఉండగలిగితేనే అది పూర్తవుతుంది.

ప్రభుత్వాలు ఈ రంగం కోసం టవర్లు, పార్కులు ప్రకటిస్తున్నాయి. మంచిదే, కానీ అయిదుగురి జట్టుకు కావాల్సింది అద్దాల భవనం కాదు, మొదటి ప్రోటోటైప్ (ఆట నమూనా) పూర్తిచేయడానికి ఏడాది జీతం. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం సినిమాలకు సాయం చేసే సంస్థ ద్వారానే ఆటలకూ డబ్బు ఇస్తుంది. మెల్‌బోర్న్‌లో నలుగురు కలిసి చేసిన అన్‌టైటిల్డ్ గూస్ గేమ్‌కి అలాగే సాయం అందింది, 2019లో వచ్చిన ఆ అల్లరి బాతు ఆట ప్రపంచమంతా తిరిగింది. సినిమాను కళగా గుర్తించిన మన రెండు రాష్ట్రాలు ఆటనూ ఆ వరసలో ఎందుకు చూడకూడదు? ఆడగలిగే డెమో చూపించిన జట్టుకు 20 లక్షలు, ఏడాదికి పది జట్లు, యాజమాన్య హక్కులన్నీ జట్టువే, ఆట లాభంలో పడితే ఆ 20 లక్షలు తిరిగి నిధిలోకి. ఒక్కో రాష్ట్రానికి 2 కోట్లు. ఎంపిక చేసే కమిటీలో అధికారులతో పాటు కనీసం ఒక్క ఆటైనా పూర్తిచేసి అమ్మినవాళ్లు సగం మంది ఉండాలి. వచ్చే బడ్జెట్‌లో ఈ పద్దు కనిపించాలని రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాం.