చిన్నపిల్లల కరాటే: ముందు పడటం నేర్పాలి

2022లో జపాన్ జూడో సమాఖ్య ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలను రద్దు చేసింది. ఐదు, ఆరు తరగతుల పిల్లలు తలపడే పోటీలవి. గెలవడం కోసం పసివాళ్ల చేత బరువు తగ్గిస్తున్నారని, పక్కనుంచి కోచ్‌లు, తల్లిదండ్రులు కేకలు వేస్తున్నారని గమనించాకే ఆ నిర్ణయం తీసుకున్నారు. జూడో పుట్టిన దేశమే పదకొండేళ్ల పిల్లలకు జాతీయ పతకం అక్కర్లేదనుకుంది. మన ఊళ్లలోనేమో యూకేజీ పిల్లాడి మెడలో ‘నేషనల్ లెవెల్’ మెడల్ వేసి ఫ్లెక్సీ కడుతున్నాం.

పిల్లలకు కరాటే, తైక్వాండో, జూడో వద్దని నేను అనను. గంటసేపు ఫోన్ ముట్టకుండా ఒళ్లు వంచి, తన వంతు కోసం ఆగి, చెప్పింది వినడం అలవాటు చేసే విద్య ఏదైనా మంచిదే. నా అభ్యంతరమల్లా నేర్పే వరస మీద.

జూడో అంటే ఎదుటివాణ్ని పట్టుకుని కింద పడేసే ఆట. అందుకే మంచి జూడో క్లాసులో మొదట నేర్పేది పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లుతూ, అరచేతులతో మ్యాట్‌ను గట్టిగా చరుస్తారు. తల వెనక భాగం నేలకు తగలకుండా కాపాడేది ఆ గడ్డం ఆనించడమే. రేపు సైకిల్ మీద నుంచి పడ్డా ఆ అలవాటు పనికొస్తుంది. దాని విలువ జపాన్‌కు చాలా కష్టం మీద తెలిసొచ్చింది. 1983 తర్వాత మూడు దశాబ్దాల్లో అక్కడి స్కూళ్ల జూడోలో 110 మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. వారిలో ఎక్కువమందికి తగిలింది తల దెబ్బే.

మరి మన స్కూలు వార్షికోత్సవాల్లో జరుగుతున్నదేంటి? పెంకులు పేర్చి పిల్లాడి పిడికిలితో పగలగొట్టిస్తారు. చేతుల మీదుగా బైకు పోనిస్తారు. కింద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ వయసులో ఎముకల చివర్లు ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి, ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే. అక్కడ బలమైన దెబ్బ తగిలితే ఆ ఎముక ఎదుగుదలే వంకర పోవచ్చు. కరాటే లాంటి విద్యల్లో పిల్లలకు తగిలే గాయాలపై అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లోనే నివేదిక ఇచ్చింది. దెబ్బలు తగలని సాధనే పిల్లలకు మేలని, తలకు హెల్మెట్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండొద్దని చెప్పింది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ‘మీ పాప తనను తానే కాపాడుకుంటుంది’ అనే ప్రచారం. ఏడేళ్ల పిల్ల ఎంత సాధన చేసినా పెద్ద మనిషి బలాన్ని ఆపలేదు. పైగా పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. బంధువు, ఇంటి పక్కాయన, ట్యూషన్ సారు మీద ఏ పాపా పంచ్ విసరదు. అలాంటప్పుడు పనికొచ్చేది గట్టిగా అరవడం, అక్కడి నుంచి పరుగెత్తడం, ఇంటికొచ్చి అమ్మకు చెప్పడం. చెప్పిన మాట నమ్మే అమ్మానాన్నలు ఉండటం. కాపాడాల్సిన బాధ్యత పెద్దలది. దాన్ని పసిపిల్ల పిడికిలికి అప్పగించడం అన్యాయం. కేంద్రం స్కూళ్లలో నడిపే రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ కూడా ఆరో తరగతి నుంచే మొదలవుతుంది.

నేర్చిన స్థాయిని బట్టి నడుముకు కట్టే రంగు బెల్టుల సంగతీ అంతే. మూడు నెలలకో రంగు, రంగుకో ఫీజు. పిల్లాడికి నిజంగా ఏం వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ.

చేర్చే ముందు ఒక రోజు క్లాసులో ఓ మూల కూర్చుని చూడండి. ఓడి ఏడుస్తున్న పిల్లతో మాస్టారు ఎలా మాట్లాడుతున్నారో గమనించండి. తల్లిదండ్రులు లోపలికి రాకూడదంటే ఆ క్లాసు మనకొద్దు. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు చేయగలిగిన పనీ ఒకటుంది: ప్రాథమిక తరగతుల పిల్లలతో పెంకులు పగలగొట్టించడం, బైకుల కింద పడుకోబెట్టడం స్కూలు వేదికల మీద నిషేధిస్తూ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ఈ ఏడాది వార్షికోత్సవాల సీజన్ మొదలయ్యేలోపే ఇవ్వాలి.