'ఇకపై ఫైన్ అనకండి' జాబితాకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ జాబితా గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ సహజమైన ఇంగ్లిష్ నేర్పుతానంటూ 'ఫైన్' బదులు 'బాగున్నాను' అనడానికి తమరు పాతిక మార్గాలు చూపించాక నోరు పెగలడం లేదు.

'ఫైన్' అనే పాపిష్ఠి మాట మానేస్తే చాలు, ఇంగ్లిష్ దానంతట అదే సహజంగా పలుకుతుందని తమరి అభయం. దాన్ని నమ్మిన ఒక శిష్యుడి సంగతి వినండి. ఫోను సమావేశంలో అవతలి ఆవిడ "హౌ ఆర్ యూ?" అని పలకరించింది. ఏడో నంబరు జవాబా, పన్నెండో నంబరు జవాబా అని ఇతను తేల్చుకునేలోగా ఆవిడ ఖర్చుల పట్టికలోకి వెళ్లిపోయింది. మూడో పద్దు చదువుతుండగా ఇతని గొంతు ఖంగుమంది: "కాంట్ కంప్లైన్!" ఆ పద్దుకు అభ్యంతరం లేదని రాసుకున్నారు.

పలకరింపు మాటలు సమాచారం చేరవేయడానికి కాదు, మనుషుల మధ్య బంధం నిలపడానికి అని మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లోనే వివరించాడు. అక్కడ కావలసింది చమత్కారం కాదు, తడుముకోని బదులు. పాపం 'ఫైన్' ఆ చాకిరీ చప్పుడు చేయకుండా చేసుకుపోయేది. దాన్ని తమరు కొలువు నుంచి తొలగించారు.

వాన విషయంలో తమరి అభిరుచి మరీ ప్రాచీనం. జోరువానకు తమరు చెప్పే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్', అంటే కుక్కలూ పిల్లులూ కురిసే ఆ ప్రయోగం, వ్యంగ్య రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చువేసిన సంభాషణల పుస్తకంలో ఉంది. పెద్దమనుషులు వల్లెవేసే అరిగిపోయిన మాటలను ఎగతాళి చేయడానికే ఆయన ఆ పుస్తకం రాశాడు. ఆ వెక్కిరింతనే తమరు 'తాజా ప్రయోగాలు' శీర్షిక కింద వడ్డిస్తున్నారు. ఇంగ్లిష్ వాళ్లు జోరువానకు మామూలుగా 'పోరింగ్' అని ఊరుకుంటారు.

ఇది నవ్వుకుని వదిలేయవచ్చు. 'చనిపోవడం' ఎదురుగా 'కిక్ ద బకెట్' అని రాసి, అది ఎకసెక్కపు మాట అని చెప్పకపోవడం మాత్రం ఘోరం. పరామర్శ ఉత్తరంలో దాన్ని వాడినవాడి ముఖం తర్వాత ఎవరు చూస్తారు? తమరికి అన్నీ సమానార్థకాలే. మనుషులకు మాత్రం కావు.

పోనీ, నిజంగా నేర్పవలసింది తమరి దగ్గర ఉందా? 1930లో ఆగ్డెన్ అనే ఆయన 850 మాటలతో ఒక చిన్న ఇంగ్లిష్‌ను తయారుచేస్తే, అందులో క్రియలకు దక్కిన చోటు 18. వాటిలో 'గెట్' ఒకటి. ఇంటికి చేరినా, జబ్బుపడినా, బస్సు ఎక్కినా, జోకు అర్థమైనా ఇంగ్లిష్ వాడి నోట అదే. పక్కన 'ఆన్', 'ఓవర్' లాంటి ఒక్క తోక మారితే అర్థం తిరగబడుతుంది. సహజత్వమంతా ఆ తోకల్లోనే ఉంది. అయితే అందులో తళుకు లేదు కదా, తమరి గుమ్మం తొక్కనివ్వరు.

ఒక్క విన్నపం. వచ్చే కూర్పులో ప్రతి ప్రయోగం పక్కన ఒక గడి గీయండి: ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారు. 'టాప్ ఆఫ్ ద మార్నింగ్' పక్కన గడిలో ఏం రాస్తారో చూడాలని కుతూహలంగా ఉంది. ఐర్లండ్ వాళ్ల పలకరింపుగా దాన్ని తమరు ప్రచారం చేస్తున్నారు. ఆ ఐర్లండ్ వాళ్లే ఒకరితో ఒకరు అలా అనుకోరు మరి.

ఇట్లు,
తమరి మాజీ శిష్యకోటిలో ఒకరు