బీరువా తాళం గారికి

మహారాజశ్రీ మా బడి గ్రంథాలయ బీరువా తాళం గారికి, ఎనిమిదో తరగతి తెలుగు మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఒళ్లంతా తుప్పు పట్టినా తమరూ క్షేమమేనని తమ బిగువు చూస్తేనే తెలుస్తోంది.

పుస్తకం చిరిగితే స్టాకు రిజిస్టరు ఊరుకోదు. ఎవరూ చదవకపోతే ఏ రిజిస్టరూ అడగదు. ఈ సూక్ష్మం గ్రహించినవారు తమరే. అందులోనూ బొమ్మల పుస్తకాలకు తమరి కాపలా అమోఘం. "బొమ్మలు చూస్తే చదువు వస్తుందా?" అని స్టాఫ్ రూములో ఎవరో అన్న మర్నాటి నుంచి పై అరకు గాలి కూడా తగలనివ్వలేదు. పక్క గదిలో మాత్రం సైన్సు టీచరు "పటం గీసి భాగాలు గుర్తించండి" అని రాయిస్తూనే ఉన్నారు. అమీబాకు బొమ్మ ఉండవచ్చు, దానికి మార్కులూ ఉంటాయి. అంబేడ్కర్‌కు మాత్రం ఉండకూడదు.

ఆయన పేరు వచ్చింది కనుక నా నేరమూ ఒప్పుకుంటాను. మొన్న జాబితా సరిచూసే నెపంతో తమరిని తెరిపించి, ఆయన జీవితాన్ని బొమ్మల్లో చెప్పిన ఇంగ్లీషు 'భీమాయన'ను తరగతికి పట్టుకెళ్లాను. 2011లో నవయాన ప్రచురణ సంస్థ వేసిన పుస్తకం. బొమ్మలు గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాంలవి. మెత్తని మాటలుండే బుడగలు పక్షి ఆకారంలో ఉంటాయి. విషపు మాటల బుడగలకు తేలు కొండి ఉంటుంది.

ఇంగ్లీషు వాక్యం కనిపిస్తే తల దించుకునే కుర్రవాడొకడు చివరి బెంచీ నుంచి లేచి వచ్చాడు. "మాస్టారూ, ఈ మాటకు కొండి ఎందుకుంది?" నేను నోరు తెరిచేలోపే పక్కనున్న అమ్మాయి "కుడుతుంది కాబట్టి" అంది. వాడు ఆ మాటను కూడబలుక్కుని చదివాడు. ఆ తర్వాత పేజీలు వెనక్కి తిప్పి ఇంకెవరి మాటకు కొండి ఉందో వెతకడం మొదలుపెట్టాడు. చిన్ననాటి భీముడికి, అంటే అంబేడ్కర్‌కు, బడిలో దాహమేస్తే కుళాయి ముట్టుకోకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి. ఈ సంగతి నేను ఏటా చెబుతాను, పిల్లలు ఏటా కింద గీత గీసుకుంటారు. ఈసారి మాత్రం "ప్యూను సెలవు పెడితే?" అని అడిగారు. గైడులో ఆ ప్రశ్న లేదు.

బొమ్మల కథల్లో మామూలుగా ఉండే గడుల్లో మనుషుల్ని ఇరికించబోమని ఆ చిత్రకారులు పట్టుబట్టి పేజీలను విప్పి గీశారు. అలాంటి పుస్తకాన్ని ఇనుప గడిలో పెట్టిన ఘనత తమరిది.

తమరి చుట్టాలు అమెరికాలోనూ ఉన్నారు. యూదులను ఎలుకలుగా, నాజీలను పిల్లులుగా గీసి మారణహోమాన్ని చెప్పిన 'మౌస్'కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. 2022 జనవరిలో టెనెసీలోని మెక్‌మిన్ కౌంటీ స్కూలు బోర్డు దాన్ని ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేసింది. కొన్ని తిట్లు, ఒక నగ్న చిత్రం ఉన్నాయట! లక్షల మందిని చంపడం మీద మాత్రం పిల్లలకు తగని మాటేదీ లేకుండా పాఠం చెప్పాలి కాబోలు. ఆ వెంటనే పుస్తకం అమ్మకాలు ఎగబాకాయి. చుట్టాలకు ఈ కబురు అందలేదేమో.

అన్నట్టు, బొమ్మలున్న ప్రతి పుస్తకమూ గొప్పదని నేననను. పాఠాన్ని ముక్కలు కోసి ముక్కకో బుడగ అతికించినవి తమరి దగ్గర రెండున్నాయి. వాటిని ఎన్నాళ్లు దాచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

తమరి గొళ్లెం స్క్రూలు రెండు వదులయ్యాయి. బిగించమని ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో తరగతికి మాత్రం చెప్పాను. చిత్తగించవలెను.