చప్పట్లు సరే, గ్రౌండు మాటేమిటి?

2025 నవంబరు 2న మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను ఓడించి వన్డే ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి నెల్లూరు, ఒంగోలు మగవాళ్లూ టీవీల ముందు గొంతు చించుకున్నారు. జట్టులో పక్కనున్న కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉందని గొప్పగా చెప్పుకున్నారు. సంతోషమే.

ఇప్పుడు సాయంత్రం పూట ఏదో ఒక ఊరి హైస్కూలు గ్రౌండు చూడండి. మధ్యలో ఒకేసారి రెండు మూడు క్రికెట్ ఆటలు, అన్నీ మగపిల్లలవే. ఖోఖో ఆడే ఆడపిల్లలకు మిగిలేది కుళాయి పక్కన బురద మూల. బంతి అటు దొర్లితే వాళ్లే ఆట ఆపి తీసి విసరాలి. పొద్దుగూకకముందే ఇల్లు చేరాలి. పదో తరగతి దాటాక చాలామంది ఆ మూలన కూడా కనిపించరు. వాళ్లను రావద్దని ఎవరూ అనలేదు. అలా అలవాటైపోయింది, అంతే.

తోడుగా నిలబడే మగవాళ్లు మన దగ్గర లేకపోలేదు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. ఆ పేరు చెప్పుకుని కాలం గడిపేయలేదు. ఆయన కోచింగ్‌లోనే సైనా 2012లో ఒలింపిక్ కాంస్యం, సింధు 2016లో రజతం తెచ్చారు. ఆడపిల్లలు కదా అని ప్రాక్టీసులో చూసీ చూడనట్టు వదలలేదు. 2016 రియో ఒలింపిక్స్ ముందు సింధు ఫోన్ కూడా లాగేసుకున్నారు. జాలి చూపించడం తేలిక. నీ వల్ల అవుతుందని నమ్మి కష్టపెట్టడమే కష్టం.

పేరు పడని వాళ్లూ ఉన్నారు. తెల్లారుజామున కూతుర్ని బండి మీద గ్రౌండుకు తీసుకెళ్లి, భార్య డ్యూటీకి వెళ్లేలోపు ఇంటికొచ్చి ఉప్మా చేసే నాన్నలు. "ఏందబ్బా, వంట కూడా నువ్వే చేస్తా ఉండావా?" అని అరుగు మీద వాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుకి జంకి మానేసేవాళ్లే ఎక్కువ. కాబట్టి మార్పు రావాల్సింది ముందు ఆ అరుగు మీదే.

డబ్బు దగ్గరికి వస్తే అసలు రంగు బయటపడుతుంది. క్రికెట్ బోర్డు 2022లో మ్యాచ్ ఫీజు మగ, ఆడ క్రికెటర్లిద్దరికీ ఒకటే చేసింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. వార్షిక కాంట్రాక్టుల్లో తేడా మాత్రం పోలేదు. ఇక్కడ పొలాల్లోనైతే మ్యాచ్ ఫీజు పాటి సమానత్వం కూడా లేదు. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చినా, "ఆడోళ్ల కూలి అంతేలే" అనే రైతు ఇప్పటికీ ఉన్నాడు. ప్రపంచ కప్పుకి టపాసులు కాల్చినవాళ్లలో ఆయనా ఉండొచ్చు.

సారా మీద తిరగబడి నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఈ నేలకి పేరు తెచ్చారు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆ పేరు ఇవాళ మగవాళ్లూ గర్వంగా వాడుకుంటున్నారు. అదే నేల మీద సంక్రాంతి పోస్టరు చూడండి: మగవాళ్లకు కబడ్డీ, వేలల్లో బహుమతి; ఆడవాళ్లకు ముగ్గుల పోటీ, స్టీలు గిన్నె. ముగ్గుల మీద మాకు కోపం లేదు. ఆడపిల్లల కబడ్డీకి కూడా మగవాళ్లతో సమానంగా మొదటి బహుమతి ప్రకటించే కమిటీ ఏ ఊళ్లో ఉన్నా కబురు పెట్టండి, ఆ ఊరి పేరు ఈ పేజీలోనే వేస్తాం.