కెర్నెల్-పవర్ 41 గారికి ఒక గుమాస్తా విన్నపం

మ.రా.రా.శ్రీ కెర్నెల్-పవర్ ఈవెంట్ 41 గారికి,
సిస్టమ్ లాగ్ విభాగం, విండోస్ ఈవెంట్ వ్యూయర్.

విషయం: ఆట మధ్యలో కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ కావడం – తమరు కారణం తెలుపకపోవడం – గురించి.
సూచిక: మార్చి 9 నుంచి ఏప్రిల్ 27 వరకు తమరు నమోదు చేసిన 37 ఎంట్రీలు.

అయ్యా,

ఉభయకుశలోపరి. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే.

నేను విజయవాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో 22 ఏళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్నవాణ్ని. పగలంతా ఫైళ్లు రాసి, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా కంప్యూటర్ మీద కారు పందేలు ఆడతాను. మా ఆవిడ దీన్ని రెండో డ్యూటీ అంటుంది. మార్చి 9వ తేదీ రాత్రి, ఆఖరి మలుపులో ముందున్న ఇద్దర్నీ దాటబోతున్న క్షణాన తెర నల్లబడింది, ఫ్యాన్లు ఒక్క సెకను ఊపిరి బిగబట్టాయి, ఆ వెంటనే ఏమీ ఎరగనట్టు మదర్‌బోర్డు లోగో ప్రత్యక్షమైంది. విండోస్ కూలినప్పుడు వచ్చే నీలి తెర లేదు, హెచ్చరిక లేదు, కాలిన వాసనైనా లేదు. ఎవరో చెప్పగా, విండోస్ తనకు జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే, ఎర్రటి గుర్తుతో, 'క్రిటికల్' అన్న హోదాతో తమరు ఆసీనులై ఉన్నారు. ఇంత పెద్ద అధికారి స్వయంగా వచ్చారంటే కారణం తేలిపోయినట్టేనని నాకు కొండంత ధైర్యం వచ్చింది.

తమరి వాంగ్మూలం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: సిస్టమ్ ముందుగా సక్రమంగా షట్‌డౌన్ కాకుండానే రీబూట్ అయింది, సిస్టమ్ స్పందించడం మానేసినా, క్రాష్ అయినా, అనుకోకుండా కరెంటు పోయినా ఇలా జరగవచ్చు. ఊళ్లో గేదె చచ్చిపోతే పంచనామా రాయడానికి వచ్చినవాడు 'సదరు గేదె ముందస్తు సమాచారం లేకుండా బతకడం మానినది. జబ్బు చేసినను, పాము కరచినను, పిడుగు పడినను ఇట్లు జరుగవచ్చును' అని రాసి సంతకం పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. 'పరిశీలించి తగు చర్య తీసుకొనవలెను' అనే వాక్యంతో 22 ఏళ్లు నెట్టుకొచ్చిన నేను, ఏ ఒక్క మాటా అబద్ధం కాకుండా, ఏ ఒక్క మాటా ఎవరికీ పనికిరాకుండా ఇంత పొందికగా రాయడం చూసి, వృత్తిరీత్యా తమరికి నమస్కరించాను.

తమరి పనితీరులో ఇంకొక విశేషం ఉంది. ఘటన జరిగే వేళకు తమరు అక్కడ ఉండరు. కంప్యూటర్ మళ్లీ లేచి కూర్చున్నాక, గతసారి ఎవరో చెప్పకుండా వెళ్లిపోయినట్టున్నారే అని గమనించి అప్పుడు ఎంట్రీ వేస్తారు. తమరి మీద కనిపించే సమయం పునరాగమన సమయమే తప్ప పతన సమయం కాదు. అది తెలియాలంటే పక్క సీటులో ఉండే ఈవెంట్ 6008 గారిని అడగాలి. ఒకే చావుకు తేదీ ఒక బల్ల దగ్గర, వివరం మరొక బల్ల దగ్గర దొరికే ఈ ఏర్పాటు మా కార్యాలయం వాతావరణాన్ని గుర్తు చేసి నాకు ఇల్లు కూడా ఆఫీసులాగే అనిపించింది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. తమరి దగ్గర అసలు విషయం లేకపోలేదు. 'డీటెయిల్స్' అనే పక్క ట్యాబ్‌లో, ఎవరూ తెరవని చోట, బగ్‌చెక్‌కోడ్ అనే పేరుతో, విండోస్ ఎందుకు కూలిందో సూచించే ఒక అంకె దాచిపెట్టారు. అక్కడ 159 అని ఉంటే దాన్ని హెక్సాడెసిమల్‌లోకి, అంటే పదహార్ల లెక్కలోకి, మార్చి 9ఎఫ్ అని చదువుకుని డ్రైవర్ల వైపు చూడాలి. 278 ఉంటే అది 116 అవుతుంది, గ్రాఫిక్స్ డ్రైవర్ జవాబివ్వలేదని అర్థం. 292 ఉంటే 124, అంటే హార్డ్‌వేరే లోపాన్ని నివేదించిందని అర్థం. నా 37 ఎంట్రీల్లోనూ అక్కడ సున్నా ఉంది. పవర్ బటన్ నొక్కిపట్టిన సమయం అన్న చోట కూడా సున్నాయే, కాబట్టి మా అబ్బాయి చేతివాటం కూడా కాదు. ఈ సున్నాను చూసి దోషమేమీ లేదని మూడు వారాలు భ్రమపడ్డాను. విండోస్‌కు తన ఆఖరి మాట రాసుకునేపాటి వ్యవధి కూడా దొరకలేదని, గొడవ దాని ప్రమేయం లేని చోట జరిగి ఉండవచ్చని ఆ సున్నా చెబుతోందట. ఆ మాట తమరే చెప్పి ఉంటే నా మూడు వారాలు మిగిలేవి.

తమరు మూడు కారణాలు రాసి ఏదీ తేల్చకపోయేసరికి, మా ఇంటికి వచ్చిన ప్రతివారూ తమకు నచ్చిన కారణాన్ని ఎంచుకున్నారు. కంప్యూటర్ షాపులోని కుర్రవాడు తెర వైపు చూడకుండానే 'ఫార్మాట్ కొట్టేద్దాం సార్' అన్నాడు. తలనొప్పికీ తలుపు కిర్రుమనడానికీ కూడా ఆ వర్గంవారు ఇచ్చే మందు అదే. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, నిరపరాధి అయిన విండోస్‌ను తుడిచేసి మళ్లీ ఎక్కించి 500 రూపాయలు తీసుకున్నాడు. ఆ రాత్రే, కొత్త విండోస్ మీద, తమరి తొలి సంతకం పడింది. బెంగళూరులో ఉన్న మా బావమరిది, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను సమూలంగా తీసేసి మళ్లీ వేయమని ఫోనులో గంటసేపు నడిపించాడు. మా మామగారు మాత్రం కంప్యూటర్‌కు వడదెబ్బ తగిలిందని తేల్చి, క్యాబినెట్ పక్క రేకు ఊడదీయించి, తమ గదిలోని టేబుల్ ఫ్యాన్‌ను దానికి ఎదురుగా పెట్టించారు. ఏప్రిల్ బెజవాడలో అది చిన్న త్యాగం కాదు.

ఇక లాభం లేదని, ఫైలును మొదటి పేజీ నుంచి నేనే తిరగేశాను. 'స్టార్టప్ అండ్ రికవరీ'లో ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ చేయమనే గడిలోని టిక్కు తీసేస్తే, నిజంగా నీలి తెర వచ్చే పక్షంలో అది మాయం కాకుండా నిలుస్తుంది. టిక్కు తీశాను, నీలి తెర రాలేదు, రీస్టార్ట్ మాత్రం వచ్చింది. క్రాష్ వివరాలు దాచే మినీడంప్ ఫోల్డర్ ఖాళీ. ప్రాసెసర్ మీద అనుమానం ఉంటే తరచూ కనిపించే వీయా-లాగర్ ఎంట్రీ ఒక్కటీ లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే కొలత ప్రోగ్రాంతో వేడిని ఫైలులో నమోదు చేయిస్తే, పడిపోవడానికి ముందు ఆఖరి వరుసలో గ్రాఫిక్స్ కార్డు 71 డిగ్రీలు, ప్రాసెసర్ 68 డిగ్రీలు. ఆ రైజెన్ 5 5600ఎక్స్‌కు గరిష్ఠ హద్దు 95 డిగ్రీలు; పైగా వేడెక్కిన ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుని మూలుగుతుందే గానీ ఇలా మాటా పలుకూ లేకుండా పోదు. మామగారి ఫ్యాన్ మామగారికి చేరింది. ర్యామ్‌ను అదనపు వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ అమరిక తీసేసి, మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షను రాత్రంతా నాలుగు విడతలు తిప్పాను. ఒక్క తప్పూ దొరకలేదు.

అప్పటికి మిగిలింది కరెంటు వచ్చే దారి ఒక్కటే. అందులో మొదటి మజిలీ యూపీఎస్. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని దాని మీద రాసి ఉంటే 600 వాట్లనుకుని ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉన్నాను. వెనక చిన్న అక్షరాల్లో 360 వాట్లు అని ఉంది. ఆట మొదలుకాగానే అది కుయ్యో అని కూస్తుంటే బ్యాటరీ పాతదైందేమో అనుకునేవాణ్ని, అది మోయలేనని మొత్తుకుంటోందని తట్టలేదు. దాన్ని తప్పించి కంప్యూటర్‌ను తిన్నగా గోడ సాకెట్‌కు పెట్టాను. కూత ఆగింది, తమరు ఆగలేదు. 37లో కొన్ని దాని ఖాతాలోవే అయి ఉండవచ్చు. తిలా పాపం తలా పిడికెడు.

రెండో మజిలీ ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి పంచే పెట్టె. ఇక్కడ నేను కూడా ముద్దాయినే కాబట్టి వివరంగా రాస్తాను. ఫిబ్రవరి ఆఖరులో 75 వాట్ల పాత గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650 తీసేసి, సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3080 పెట్టించాను. దాని వాడకం 320 వాట్లు. ప్రాసెసర్ ఎంత గుంజినా 76. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లు అన్నిటికీ కలిపి ఉదారంగా 60 కేటాయించాను. మొత్తం 456. నా ఎస్‌ఎంపీఎస్ 550. అంటే 94 వాట్ల మిగులు బడ్జెట్. ఆ కార్డుకు 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని దాన్ని రూపొందించిన ఎన్విడియా వారు రాసిన మాటను, అంచనాల్లో కాంట్రాక్టర్లు కలిపే పదిశాతం లాంటిదని కొట్టిపారేశాను. ఎస్‌ఎంపీఎస్ మీది 80 ప్లస్ బ్రాంజ్ స్టిక్కర్ చూసి అది శక్తికి పతకమనుకున్నాను. కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందన్నదానికే అది కొలమానం.

నా లెక్కలో కూడిక తప్పలేదు, సరాసరిని నమ్మడం తప్పయింది. ఆ కార్డు 320 వాట్లకు సంతకం పెట్టినా, సన్నివేశం మారినప్పుడు కొన్ని మిల్లీసెకన్లపాటు 400 దాటి గుంజుతుంది. ఆ కుదుపుకు ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ వలయం పూర్తిగా తెగితే సాధారణంగా కంప్యూటర్ ఆరిపోయి, వెనక స్విచ్ ఆపి వేస్తేగాని లేవదు. అంతదాకా రాకుండా వోల్టేజీ ఒక్కసారి కుంగితే, 'పవర్ గుడ్' అనే సంకేతం పడిపోయి మదర్‌బోర్డు రీసెట్ అవుతుంది. మా ఇంట్లో జరిగింది ఈ రెండోదేనని నా నమ్మకం. 12 వోల్టుల లైను అయిదు శాతం, అంటే 11.4 దాకా తగ్గవచ్చని ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం. నా తెర మీద అది ఎప్పుడూ 12కు అటూ ఇటూగానే కనిపించింది, ఎందుకంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో మామూలుగా రెండు సెకన్లకొకసారి మాత్రమే చూస్తుంది. పదిన్నరకు హాజరుపట్టీ మీద సంతకం ఉంది కాబట్టి ఉద్యోగి రోజంతా సీటులోనే ఉన్నాడనడం ఎంత నిజమో ఇదీ అంతే.

గ్రాఫిక్స్ కార్డును అలసగొట్టే ఫర్‌మార్క్ పరీక్ష అరగంట తిప్పితే ఏమీ కాలేదు, ప్రాసెసర్‌ను అలసగొట్టే ప్రైమ్95 అరగంట తిప్పితే ఏమీ కాలేదు, కారు పందెం మాత్రం పావుగంటలో పడగొట్టింది; అప్పుడు మతి పోయింది గానీ ఇప్పుడు అర్థమవుతోంది. ఆ పరీక్షల్లో బరువు ఎక్కువే అయినా నిలకడగా ఉంటుంది, ఆటలో బరువు గంతులు వేస్తుంది. ఒకటి రెండుసార్లు ఆట మెనూలో ఉండగానే పోయింది. బొమ్మ తేలికైనప్పుడు కార్డు సెకనుకు వందల ఫ్రేములు గీసి పారేస్తూ పూర్తి కరెంటు తాగుతుందని ఎవరనుకుంటారు? పైగా కార్డుకున్న రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లకూ, షాపువాడు రెండు తలలున్న ఒకే కేబుల్‌ను తగిలించి పంపాడు. దాన్ని నేనూ చూశాను, పొదుపుగా ఉందని మెచ్చుకున్నాను కూడా.

నిర్ధారణకు పైసా ఖర్చు కాలేదు. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి, ఫ్రేములను 60కి కట్టేసి, మూడు గంటలు ఆడాను. తమరు రాలేదు. మళ్లీ 100కు పెంచాను. పదకొండో నిమిషంలో వచ్చారు. మరునాడు మా సూపరింటెండెంట్ గారి అబ్బాయి దగ్గర 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి, రెండు వేర్వేరు కేబుళ్లతో కార్డుకు కరెంటు ఇచ్చాను. అది 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం చేసినది, అంటే తన సామర్థ్యానికి రెట్టింపు గుంజుడును 100 మైక్రోసెకన్లపాటు భరించవలసినది. ఏప్రిల్ 28 నుంచి పన్నెండు రోజులు ఆడినా తెర నల్లబడలేదు. అరువుది తిరిగి ఇచ్చి, అటువంటిదే కొన్నాను. కొనేటప్పుడు షాపువాడు ఫార్మాట్ కూడా కొట్టిస్తారా అని అడిగాడు.

కావున తమరిని కోరుచున్నది ఏమనగా: ఆ బగ్‌చెక్ సున్నాను పక్క ట్యాబ్‌లో దాచకుండా మొదటి పేజీలోకి తెచ్చి, 'విండోస్‌కు ఏమీ తెలియదు, కరెంటు దారి కూడా చూసుకోండి' అని ఒక్క వాక్యం కలపండి. ఆ వాక్యం కలిపితే తమరి మీద బాధ్యత పడుతుందన్న భయం ఉంటే చెప్పండి, బాధ్యత పడకుండా అదే మాట రాసే పద్ధతి నా దగ్గర ఉంది.

మొన్న మే నెల రెండో వారంలో ఈదురుగాలికి మా వీధిలో కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చాక, ఎందుకైనా మంచిదని ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. అదే ఎర్ర గుర్తు, అవే మూడు కారణాలు. మూడోది సరిగ్గా సరిపోయింది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక గుమాస్తా, విజయవాడ.

ప్రతి: ఈవెంట్ 6008 గారికి, సమాచార నిమిత్తం.
ప్రతి: కంప్యూటర్ షాపు కుర్రవానికి, 500 రూపాయలు తిరిగి ఇచ్చు నిమిత్తం.