పదకొండు మంది పెళ్ళికొడుకులు, ఒకటే బట్టతల

మా బాబాయి కేపీహెచ్‌బీలో పెళ్ళి సంబంధాలు కుదురుస్తుంటాడు. ఫీజు పుచ్చుకోడు, భోజనం మాత్రం వదలడు. వాట్సాప్ ఫోటోలతో ఫోను నిండిపోయి, "ఒరేయ్, అమీర్‌పేటలో ఏదో నేర్చుకున్నావుగా, ఓ సైటు చేసిపెట్టు. వాళ్ళ ఫోటోలు వాళ్ళే ఎక్కించుకుంటారు" అన్నాడు. మైత్రీవనం పక్క సందులో మూడు నెలలు పీహెచ్‌పీ, అంటే సైట్లు నడిపే కోడ్ భాష, నేర్చుకుని పదిహేనేళ్ళయింది. అయినా "అదెంతసేపు బాబాయ్" అనేశాను.

ఫారం పెట్టాను. పేరొచ్చింది, గోత్రమొచ్చింది, జీతమొచ్చింది, ఫోటో రాలేదు. రాత్రి ఒంటిగంటకు తేలింది: ఫారం ట్యాగులో, డేటా ఏ రూపంలో పంపాలో చెప్పే ఎన్‌క్‌టైప్ దగ్గర 'మల్టీపార్ట్ ఫారం డేటా' అని రాయలేదు. అది లేకపోతే బ్రౌజరు ఫైలు పేరొక్కటే పంపి ఊరుకుంటుంది. పైన పేరు రాసి, లోపల డబ్బులు పెట్టని చదివింపుల కవరన్నమాట.

తర్వాత సైజు గొడవ. పీహెచ్‌పీ మామూలుగా ఒప్పుకునే ఫైలు 2 ఎంబీ. ఈ కాలం ఫోన్లలో ఏ పెళ్ళికొడుకూ అంత తేలిగ్గా ఉండడు. పీహెచ్‌పీ సెట్టింగులుండే ఐఎన్ఐ ఫైల్లో దాన్ని 20 చేశాను. మొత్తం ఫారానికి 8 ఎంబీ అని ఇంకో హద్దుంటుంది, దాన్ని మరిచాను. అది దాటితే ఫోటోతో పాటు పేరూ ఊరూ కూడా ఖాళీగా వస్తాయి. ఒకాయన స్టూడియోలో తీయించిన 11 ఎంబీ ఫోటో ఎక్కించి, "మీ సైటు మా వాణ్ణి గోత్రం లేనివాణ్ణి చేసిందండీ" అని బాబాయి మీద విరుచుకుపడ్డాడు.

అదీ దిద్దాను. ఆదివారం అంతా బాగానే నడిచింది.

సోమవారం పొద్దున్నే మణికొండ నుంచి ఓ అమ్మాయి తల్లి ఫోన్. "అన్నయ్యగారూ, 29 ఏళ్ళని రాశారు, అబ్బాయి బాగా కష్టాలు పడ్డట్టున్నాడే!" తీసి చూశాను. పార్కింగులో స్కూటరు ముందు, చేతిలో పాల ప్యాకెట్టుతో, కళ్ళజోడు ముక్కు కొసకు జారి, మా బాబాయి! కింద: సాఫ్ట్‌వేర్, అయిదడుగుల పదకొండు. తర్వాతి ప్రొఫైలూ బాబాయే. అలా పదకొండు మంది.

ఐఫోనులో ఫారం నుంచే కెమెరా తెరిచి దిగితే, ఎవరి ఫోటోకైనా పేరు 'ఇమేజ్ డాట్ జేపీజీ'యే. నేను వచ్చిన పేరుతోనే దాచాను. ఎక్కించిన ఫైలును తీసుకెళ్ళి దాచే మూవ్ అప్‌లోడెడ్ ఫైల్ అనే ఫంక్షనుకు మొహమాటం లేదు. అదే పేరుతో అక్కడ ఇంకో ఫైలుంటే, మాట మాత్రమైనా అడక్కుండా దాన్ని తుడిచేసి కొత్తది కూర్చోబెడుతుంది. మన పెళ్ళికొడుకులంతా ఐఫోనుగాళ్ళే, ఆ మాట ప్రొఫైల్లో రాసుకున్నారు కూడా. వాళ్ళందరూ ఎక్కించాక, సైటు పనిచేస్తోందో లేదోనని బాబాయి, తన కొడుకు పంపిన ఐఫోనుతో ఫారం నుంచే సెల్ఫీ దిగి పెట్టాడు.

"పాతవి తీయలేవురా?"

"తాత్కాలిక ఫైళ్ళు ఎప్పటికప్పుడే పోతాయి బాబాయ్. మళ్ళీ అడగాల్సిందే."

ఒక్కో ఫైలుకూ వేరే పేరు పడేలా నేను కోడ్ మారుస్తుంటే, బాబాయి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఫోటో బతిమాలుకుంటున్నాడు. పిన్ని కాఫీ తెచ్చి, ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, పదకొండూ తీరిగ్గా చూసింది.

"ఈ మూడో ఆయన్ని ఖాయం చేయండి. మొహం అదే అయినా, నెలకు లక్షా ఎనభై వేలట."